నలుగురూ కలిసి కుట్టిన బొంత

అమెరికాలోని అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే పల్లె ఉంది. అక్కడి నల్లజాతి మహిళలు పాతబడిన పొలం బట్టలతో బొంతలు కుట్టేవారు. ముక్కలను ఎవరింట్లో వారు అతికినా, చివరి కుట్టుకు నలుగురూ చేరేవారు. పాటలు, కబుర్లు అక్కడే. చలికి కప్పుకొనే ఆ బొంతలే 2002లో హ్యూస్టన్, న్యూయార్క్ మ్యూజియాల గోడలకెక్కాయి.

ఒంటరితనం గుండెజబ్బు, పక్షవాతం, కుంగుబాటు ముప్పును పెంచుతుంది. ఒళ్లునొప్పులు, నిద్రలేమితో మా ఓపీకి వచ్చే గృహిణులను పరీక్షించాక, ‘స్నేహితురాలితో మాట్లాడి ఎన్నాళ్లయింది?’ అని అడుగుతుంటాను. చాలామంది ఆలోచనలో పడతారు. ‘తీరికేదీ?’ అంటారు. గీస్ బెండ్ మహిళలకూ తీరిక లేదు. అందుకే పనిలోనే స్నేహాన్ని కలిపి కుట్టుకున్నారు. వడియాలు పెట్టేటప్పుడో, సాయంత్రం నడకకో పక్కింటామెను పిలవండి. దిగులు రెండు వారాలు దాటినా వదలకపోతే డాక్టర్‌ను కలవండి.