మడి కట్టిన వెబ్ పేజీ

పొద్దున్నే పేపరు తెరుస్తాం. లోపలెక్కడో ఓ వత్తు ఎగిరిపోయి ఉంటుంది. ‘కాస్త చూసుకోవద్దూ’ అని విసుక్కుని చదువుకుంటూ పోతాం. అలాకాక, ఆ ఒక్క వత్తు కోసం పేపరు మొత్తం తెల్లకాగితమైపోతే?

వెబ్ పేజీలకు సరిగ్గా అలాంటి చట్టమే తేవాలని చూశారు ఒకప్పుడు!

1989లో సెర్న్ పరిశోధన కేంద్రంలో టిమ్ బెర్నర్స్-లీ ప్రతిపాదించిన వెబ్ అంత వేగంగా పాకిపోవడానికి ఓ కారణం... దాని భాష హెచ్‌టీఎంఎల్ మహా సులువు. ఇక్కడ పేరా మొదలు, ఇక్కడ అక్షరం లావు అని చెప్పే గుర్తులే ట్యాగులు. తెరిచిన ట్యాగును మూయడం మర్చిపోయినా బ్రౌజరు సర్దుకుపోయేది. చిక్కల్లా, ఒక్కో బ్రౌజరు ఒక్కోలా సర్దుకునేది. ఒకదాంట్లో ముచ్చటగా కనిపించిన పేజీ ఇంకోదాంట్లో చెల్లాచెదురు.

దీనికి మందుగా వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ 2000 జనవరిలో ఎక్స్‌హెచ్‌టీఎంఎల్‌ను తెచ్చింది. ట్యాగులన్నీ చిన్న అక్షరాల్లోనే ఉండాలి. తెరిచిన ప్రతిదాన్నీ మూయాలి. పేజీని ఎక్స్‌ఎంఎల్‌గా పంపితే, తప్పు దొరికిన చోటే బ్రౌజరు ఆగిపోవాలి. ఫైర్‌ఫాక్స్‌లోనైతే పసుపు తెర మీద ఎర్రక్షరాలతో తప్పు ఫలానా వరుసలో ఉందన్న మందలింపు, అంతే! కొట్టు పేరులో ‘& సన్స్’ అని మామూలుగా రాసినా తప్పే. ఆ గుర్తును కోడ్‌ రూపంలో రాయాలి మరి. కొట్టువాడికి అదెలా తెలుస్తుంది?

అసలు తమాషా ఏమిటంటే, అప్పట్లో ఎక్కువమంది వాడిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు అలా పంపిన పేజీలు తెరవడమే రాదు. 2011లో తొమ్మిదో వెర్షన్ వచ్చాకే నేర్చుకుంది. దాంతో చాలామంది కొత్త పద్ధతిలో రాసి, పాత హెచ్‌టీఎంఎల్‌గానే పంపేవారు. పేజీ అడుగున ‘ప్రమాణాలకు లోబడినది’ అంటూ ఓ ముద్ర! వీధి గుమ్మంలో మడి, వంటింట్లో మామూలే.

2004 జూన్‌లో శాన్‌జోస్‌లో జరిగిన డబ్ల్యూ3సీ సమావేశంలో మొజిల్లా, ఒపెరా ప్రతినిధులు ‘పాత హెచ్‌టీఎంఎల్‌నే పెంచుదాం’ అన్నారు. ఆ మాట నెగ్గలేదు. రోజుల వ్యవధిలోనే యాపిల్‌ వాళ్లనూ కలుపుకొని వాట్‌వర్కింగ్‌గ్రూప్ పేరుతో వేరు కుంపటి పెట్టారు. అక్కడ పుట్టిందే హెచ్‌టీఎంఎల్5.

వాళ్లు చేసిన తెలివైన పని ఒకటుంది. తప్పులు చేయొద్దని జనానికి చెప్పడం మానేసి, తప్పు ఎదురైతే ఏం చేయాలో బ్రౌజర్లకు చెప్పారు. లావక్షరాల ట్యాగు, వాలుగీత అక్షరాల ట్యాగు ఒకదాన్నొకటి అడ్డంగా దాటేశాయనుకోండి. ఆ ముడి ఎలా విప్పాలో అంచెలంచెలుగా రాసిపెట్టారు. ఆ పుస్తకం చదివిన బ్రౌజర్లన్నీ ఒకేలా విప్పుతాయి. రాసేవాడికి వెసులుబాటు, బ్రౌజరుకు క్రమశిక్షణ!

ప్రపంచాన్నంతా ఒక్కసారిగా ఎక్స్‌ఎంఎల్‌కు మళ్లించే ప్రయత్నం ఫలించలేదని 2006లో బెర్నర్స్-లీయే ఒప్పుకున్నారు. ఎక్స్‌హెచ్‌టీఎంఎల్2 పనికి 2009లో తెరపడింది. 2014లో హెచ్‌టీఎంఎల్5 అధికారిక ప్రమాణమైంది.

అలాగని నియమాలన్నీ చాదస్తం కాదు. బొమ్మ పక్కన దాని వివరం రాయాలన్న నియమం చూపులేనివారి కోసం. తెరమీదున్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు ఆ వివరమే ఆధారం. పేరా ట్యాగు మూయకపోతే పాఠకుడికి పోయేదేమీ లేదు, ఇది రాయకపోతే బొమ్మే లేనట్టు. ‘ఫొటో’ అని రాసి తప్పించుకుంటే తనిఖీ యంత్రం శభాష్ అంటుంది... వినేవారికి మాత్రం ఒరిగేదేమీ ఉండదు.

తెలుగువాళ్లకూ ఇందులో ఓ అనుభవం ఉంది. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, విండోస్‌లో అక్షరాలు సరిగ్గా కనిపించడానికి 2001లో ఎక్స్‌పీ రావాల్సి వచ్చింది. అందాకా ఆగలేక చాలా సైట్లు సొంత ఫాంట్లు చేసుకున్నాయి. ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలు కూర్చాయి. చూడ్డానికి తెలుగే, కంప్యూటరు లెక్కలో మాత్రం అర్థంలేని ఇంగ్లిషు. వెతికితే దొరకదు, ఫాంటు లేకపోతే చదవలేం. ట్యాగులు సగం మూసీమూయని తొంభైల నాటి ఇంగ్లిషు పేజీలు నేటి బ్రౌజర్లలోనూ హాయిగా తెరుచుకుంటాయి. ఆ తెలుగు పేజీలను చదవడానికి మాత్రం ‘పద్మ’లాంటి మార్పిడి సాధనాలు తయారుచేసుకోవాల్సి వచ్చింది.