పరీక్షలో నెగ్గిన లెక్క వరదకు నిలుస్తుందా?

సూరత్‌లో నివసించే మన ఉద్యోగ కుటుంబాలకు తపతీ నది సుపరిచితమే. ఇక్కడివారు దానిని తాపీ అంటారు. పేరుకు తాపీయే గాని, దాని వరద తాపీగా రాదు. 2006 ఆగస్టులో ఎగువనున్న ఉకాయి జలాశయం నుండి సుమారు 9 లక్షల క్యూసెక్కుల నీరు విడుదల కాగా నగరంలో చాలా భాగం జలమయమైంది.

ఎంతటి వరద ఎన్నేళ్లకొకసారి రాగలదో అంచనా కట్టడానికి ఇంజనీర్లు గణాంక సూత్రాలను ఆశ్రయిస్తారు. ఆ సూత్రానికీ గతానుభవానికీ పొంతన కుదిరిందో లేదో తేల్చే పరీక్షలు కొన్ని ఉన్నాయి. కొలతలను గుంపులుగా, అనగా తరగతులుగా విభజించినప్పుడు ఏ పరీక్ష మేలన్నదే ప్రశ్న.

1900లో కార్ల్ పియర్సన్ కై-స్క్వేర్ పరీక్షను రూపొందించాడు. ప్రతి తరగతిలో వాస్తవానికీ అంచనాకూ గల భేదాన్ని వర్గం చేసి, అంచనాతో భాగించి, అన్నింటినీ కూడాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన మన సి.ఆర్. రావు 1948లో ప్రతిపాదించిన స్కోర్ పరీక్షలో ఇదొక ప్రత్యేక సందర్భం. 1933లో కోల్మొగోరోవ్ వేరొక మార్గం చూపాడు: సంచిత మొత్తాలను వరుసగా పోల్చి, వాటిలో గరిష్ఠ భేదాన్ని గ్రహించడం.

ఒక ఊహా ఉదాహరణ చూద్దాం. 60 ఏళ్ల గరిష్ఠ ప్రవాహాలను చిన్నవాటి నుండి పెద్దవాటి వరకు ఆరు తరగతులు చేశాం. ముందే నిర్ణయించుకొన్న సూత్రం ప్రకారం ఒక్కొక్క తరగతిలో 10 ఏళ్లు ఉండాలి. ఉన్నవి వరుసగా 4, 6, 9, 12, 13, 16. కై-స్క్వేర్ విలువ 10.2, 5 శాతం స్థాయిలో హద్దు 11.07. సూత్రం నెగ్గింది! కాని సంచిత భేదం మూడవ తరగతి వద్ద 11 ఏళ్లు. దానిని 60తో భాగిస్తే 0.183, హద్దు సుమారు 0.176. ఇక్కడ సూత్రం ఓడింది.

అవే అంకెలను 13, 4, 16, 6, 12, 9గా తారుమారు చేసినా కై-స్క్వేర్ 10.2గానే ఉంటుంది. సంచిత భేదం మాత్రం 11 నుండి 3కు దిగుతుంది. కై-స్క్వేరుకు వరుసతో పని లేదు. పెద్ద వరదలు అంచనాను మించుతున్నాయన్న హెచ్చరిక దాని చెవికెక్కదు. అయితే ఎగుడుదిగుడు తేడాలను పట్టడంలో అదే మేలు. కోల్మొగోరోవ్ పట్టిక గుంపులు చేయని కొలతలకు ఉద్దేశించినది; తరగతులపై ప్రయోగిస్తే ఉదారంగా ప్రవర్తిస్తుంది. కనుక అందులోనూ ఓడిన సూత్రాన్ని తప్పక శంకించాలి.

ఒక లోపం రెండింటికీ ఉంది. "ఇంతకు పైన" అనే చివరి తరగతిలో పెద్ద వరదా, మహావరదా ఒకటే. కాబట్టి అసలు కొలతలను భద్రపరచి, వాటినీ చూడాలి. పరీక్షలో నెగ్గడమంటే తప్పు దొరకలేదని మాత్రమే. తప్పు లేదని కాదు. నది ఒడ్డున నివసించే మనం ఈ భేదాన్ని మరువరాదు.