పైరవీ ఉంటేనే ర్యాంప్ ఎక్కుతారా?

సిద్దిపేటలో డిగ్రీ చదివే అమ్మాయి ఇంట్లో మోడలింగ్ మాట ఎత్తితే, మొదటి కోపం చల్లారాక పెద్దలు అడిగేది ఒకటే: "మనకు అక్కడ ఎవలున్నరు బిడ్డా?" జిమ్‌కు పోయి ఒళ్లు తీర్చిదిద్దుకుని, కోమటి చెరువు కట్ట మీద ఫొటోలు దిగి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకునే కుర్రాడికి దోస్తులు చెప్పేదీ అదే, పైరవీ లేనిది పని కాదని. 2023 అక్టోబరులో సికింద్రాబాద్‌కు రైలు మొదలయ్యాక హైదరాబాద్ ఇంకాస్త దగ్గరైంది. మోడలింగ్ మాత్రం తెలిసినవాళ్లు వెంటబెట్టుకుని తీసుకెళ్తే తప్ప చేరలేని చోటన్న నమ్మకం ఊళ్లో అలాగే ఉంది. ఆ నమ్మకంలో కొంత నిజముంది. ఆ కొంత నిజాన్ని చూపించి మిగతా అబద్ధాన్ని అమ్ముకునేవాళ్లూ ఉన్నారు. అందుకే ఏది ఎంతవరకు నిజమో విడదీసి చూడాలి.

అపోహ: మోడలింగ్ పెద్దింటి పిల్లల సొత్తు

2023 జూలైలో మహేశ్‌బాబు కుమార్తె సితార పీఎంజే జువెల్స్ ప్రకటనలో న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్ తెర మీద కనిపించింది. అదే ఏడాది షారుఖ్ ఖాన్ కుమార్తె సుహానా, తొలి సినిమా విడుదల కాకముందే మేబెలిన్ ప్రచారకర్త అయింది. ఇవి చూసినవాళ్లకు సామాన్యులకు ఇక చోటెక్కడిదని అనిపించడం సహజం.

కానీ ఆ రెండు చోట్లా సంస్థ డబ్బు పెట్టి కొనుక్కున్నది ఇంటిపేరుకు ముందే ఉన్న గుర్తింపును. మోడల్ పని వేరు. చీర అమ్మే ఫొటోలో చూపు చీర మీద నిలవాలి. కట్టుకున్నవాళ్ల పేరు ఎవరూ అడగరు. హైదరాబాద్‌లో కొత్త ముఖాలకు రోజూ దొరికే పని ఎక్కువగా ఈ కోవదే: ఆన్‌లైన్‌లో చీరలు, డ్రెస్సులు అమ్మేవాళ్ల క్యాటలాగ్‌లు, నగల షాపుల ఫొటోలు, బ్రైడల్ మేకప్ ఆర్టిస్టుల నమూనా షూట్లు. సితారకు వచ్చిన అవకాశం కోసం సిద్దిపేట అమ్మాయి పోటీ పడటం లేదు. అది ఉన్నా లేకపోయినా ఆమెకు రావలసిన పని తగ్గదు.

పెద్ద వేదికల మీదా అండ లేనివాళ్లు కనిపిస్తారు. వాసవి ఇంజినీరింగ్ కాలేజీలో చదివి, ఫ్యాక్ట్‌సెట్‌లో ఉద్యోగం చేస్తున్న మానస వారణాసి తెలంగాణ తరఫున పోటీ చేసి 2021 ఫిబ్రవరిలో ఫెమినా మిస్ ఇండియా వరల్డ్ 2020 కిరీటం గెలిచింది. అదే రాత్రి రన్నరప్‌గా నిలిచిన మాన్యా సింగ్ తండ్రి ఆటో డ్రైవర్. తెనాలిలో పుట్టి విశాఖలో పెరిగిన శోభిత ధూళిపాళ్ల 2013లో మిస్ ఇండియా ఎర్త్ అయింది. తండ్రి మర్చంట్ నేవీ ఇంజినీరు. ఇప్పుడు అక్కినేని వారి కోడలు కాబట్టి అవకాశాలన్నీ అలా వచ్చాయని అనుకునేవాళ్లున్నారు. ఆమె తొలి సినిమా 'రామన్ రాఘవ్ 2.0' వచ్చింది 2016లో, పెళ్లి జరిగింది 2024 డిసెంబరులో.

అయితే ఈ ముగ్గురి పేర్లూ చెప్పి ఎవరైనా గెలవొచ్చని ముగించడం అన్యాయం. గెలిచినవాళ్ల కథే మనదాకా వస్తుంది. అదే ఏడాది అంతే కష్టపడి, అంతే చక్కగా నడిచి, మొదటి వడపోతలోనే వెనుదిరిగినవాళ్ల కథను ఏ పత్రికా రాయలేదు. కిరీటాలు గెలిచినవాళ్లను చూస్తే తలుపు పూర్తిగా మూసి లేదని తెలుస్తుంది. ఎంత తెరిచి ఉందో మాత్రం తెలియదు.

అపోహ: అయితే ప్రతిభ ఉంటే చాలు

ఇది మొదటిదానికన్నా తియ్యనిది, అందుకే ఎక్కువ బాధపెడుతుంది. పని దొరకని పిల్లలు తప్పంతా తమలోనే ఉందని కుమిలిపోయేది దీన్ని నమ్మినందుకే.

అసలు ఈ రంగంలో మొదటి జల్లెడ ప్రతిభను చూడదు. ర్యాంప్‌కు అమ్మాయిలను సాధారణంగా 5 అడుగుల 8 అంగుళాలు, ఆపైన ఎత్తు ఉంటేనే పిలుస్తారు. అది పుట్టుకతో వచ్చేది, సాధనతో రాదు. 5 అడుగుల 3 అంగుళాల అమ్మాయి ఎంత బాగా నడిచినా ర్యాంప్ వాళ్లు పిలవకపోవచ్చు. క్యాటలాగ్‌లో, నగల ప్రకటనలో, టీవీ యాడ్‌లో ఆమెకు ఆ అడ్డంకి ఉండదు. ఏ పనికి ఏది కావాలో ముందే తెలిస్తే సగం నిరాశ తప్పుతుంది.

యాష్లీ మియర్స్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త న్యూయార్క్‌లో, లండన్‌లో స్వయంగా మోడల్‌గా పనిచేస్తూ పరిశోధన చేసి 2011లో 'ప్రైసింగ్ బ్యూటీ' అనే పుస్తకం రాశారు. క్లయింట్లు మోడల్‌ను ఎంచుకునేటప్పుడు తోటి క్లయింట్లు ఎవరిని అడుగుతున్నారో చూస్తారని అందులో వివరించారు. ఒక మోడల్ తేదీలను ముందుగా అట్టిపెట్టుకోవడాన్ని అక్కడ ఆప్షన్ అంటారు, దానికి డబ్బు కట్టనక్కర లేదు. ఫలానా అమ్మాయి మీద పేరున్న సంస్థ ఆప్షన్ పెట్టిందన్న మాట ఏజెన్సీల ద్వారా పాకితే మిగతావాళ్లూ ఆమెనే అడుగుతారు. రెండు రోజుల కిందటా అదే ముఖం, అదే నడక; మారింది ఎదుటివాళ్ల చూపు. పేరు తెచ్చే మ్యాగజైన్ షూట్లకు దాదాపు ఏమీ ఇవ్వరనీ, డబ్బు వచ్చేది ఎవరికీ గుర్తుండని క్యాటలాగ్ పనిలోననీ కూడా ఆమె గమనించారు. మన పిల్లలు కలలు కనేది మొదటిదాని గురించి, ఇల్లు గడిచేది రెండోదానితో.

2006లో 'సైన్స్' పత్రికలో వచ్చిన ఒక ప్రయోగం కూడా ఇక్కడ పనికొస్తుంది. 14 వేల మందికి పైగా శ్రోతలను విడివిడి గుంపులుగా చేసి, ఎవరికీ తెలియని 48 పాటలు వినిపించారు. ముందు విన్నవాళ్లు ఏవి డౌన్‌లోడ్ చేసుకున్నారో కొన్ని గుంపులకు కనిపించేలా పెట్టారు. ఒక గుంపులో పైకి వెళ్లిన పాట ఇంకో గుంపులో కిందే ఉండిపోయింది. మరీ మంచివి సాధారణంగా పూర్తిగా మునగలేదు, మరీ చెడ్డవి పైకి రాలేదు. మధ్యలో ఉన్నవాటికి ఏమైనా జరగొచ్చని తేలింది. మోడలింగ్‌లోకి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఈ మధ్య వరుసలోనే ఉంటారు. వాళ్లకు దొరకని పనిని వాళ్ల విలువగా లెక్కకట్టడం తప్పు.

మరి ప్రతిభ ఎక్కడ పనికొస్తుంది? రెండోసారి పిలిచేటప్పుడు. క్యాటలాగ్ షూట్ అంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా లైట్ల వేడిలో చీర వెనక చీర మార్చుకుంటూ, ప్రతిసారీ కుచ్చిళ్లూ కొంగూ కనబడేలా నిలబడి, ముఖంలో అలసట తెలియకుండా చూసుకోవడం. వెలుగు ఎటు నుంచి పడుతోందో చూసి చెప్పకుండానే ముఖం తిప్పే మోడల్‌తో ఆ రోజు పని తొందరగా తెములుతుంది. ఆమెను మళ్లీ పిలుస్తారు. ఇది నేర్చుకుంటే వచ్చే విద్య, ఎవరి పైరవీతోనూ రాదు.

ఇంకొక మాట చాలామంది ఒప్పుకోరు గాని చెప్పి తీరాలి. ఈ రంగంలో అన్నిటికన్నా బలమైన అండ ఇంట్లోవాళ్లు పంపగల డబ్బు. షూట్ అయ్యాక పారితోషికం చేతికి రావడానికి రెండు మూడు నెలలు పట్టడం మామూలే. అన్నాళ్లూ హైదరాబాద్‌లోనో ముంబైలోనో హాస్టల్ అద్దె కట్టుకుంటూ ఆడిషన్ల చుట్టూ తిరగగలిగినవాళ్లు నిలుస్తారు. ఊరికి తిరిగొచ్చిన అమ్మాయి ప్రతిభలో ఓడిపోలేదు, ఆ మూడు నెలలు గడుపుకోలేకపోయింది. దీన్ని మంత్రి సిఫారసూ తీర్చదు, కష్టపడితే ఫలితం దక్కుతుందన్న ఓదార్పూ తీర్చదు. చేతిలో ఒక ఉద్యోగం ఉంచుకుని మొదలుపెట్టడం కొంత తీరుస్తుంది. మానస ఉద్యోగం చేస్తూనే పోటీకి వెళ్లింది.

అపోహ: పరిచయం అంటే పెద్ద మనిషి చేసే ఫోను

అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లో అచ్చయిన తన ప్రసిద్ధ వ్యాసంలో, తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం సంపాదించినవాళ్ల లెక్క ఇచ్చారు. ఆ తెలిసిన మనిషిని తరచూ కలిసేవాళ్లు 16.7 శాతమే. అప్పుడప్పుడు కలిసేవాళ్లు 55.6 శాతం, ఎప్పుడో అరుదుగా కలిసేవాళ్లు 27.8 శాతం. కారణం సూటిగానే ఉంది. మన మేనమామకు తెలిసినవి చాలావరకు మనకూ తెలుసు. మనం తిరగని చోట తిరిగే మనిషి దగ్గరే కొత్త కబురు ఉంటుంది.

మోడలింగ్‌లో ఆ మనిషి మేకప్ ఆర్టిస్టు కావచ్చు, ఫొటోగ్రాఫర్ దగ్గర లైట్లు మోసే అసిస్టెంట్ కావచ్చు, బట్టలు ఇస్త్రీ చేసి అందించే స్టైలిస్టు కావచ్చు. చివరి నిమిషంలో ఒక మోడల్ రాకపోతే "మొన్న చేసిన అమ్మాయి బాగుంది, ఫోన్ చేయమంటారా?" అని అడిగేది వీళ్లే. ఇలాంటి పరిచయం పనిచేసే చోటే పుడుతుంది, దానికి కులమూ పార్టీ కండువా అక్కర్లేదు.

సిద్దిపేటలో ఉంటూనే దీన్ని మొదలుపెట్టొచ్చు. పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్లు, బ్రైడల్ మేకప్ నేర్చుకుంటున్న అమ్మాయిలు ఊళ్లోనే ఉన్నారు. వాళ్లకూ చూపించుకోవడానికి మంచి ఫొటోలు కావాలి. ఇద్దరూ డబ్బు తీసుకోకుండా కలిసి చేసేదాన్నే టెస్ట్ షూట్ అంటారు. భౌగోళిక గుర్తింపు పొందిన గొల్లభామ చీర మన ఊరి మగ్గం మీదిదే. నెత్తిన కుండతో నడిచే ఆ గొల్లభామ బొమ్మ కొంగు మీద స్పష్టంగా కనబడేలా ఫొటో తీయడం చిన్న విద్య కాదు. ఆ ఫొటోలు చేనేత సంఘానికీ పనికొస్తాయి, మోడల్‌కూ పనికొస్తాయి. ముంబై స్టూడియోలో అద్దె గౌను వేసుకుని దిగినవాటికన్నా ఇవే ఎక్కువ చెబుతాయని నేను గట్టిగా నమ్ముతాను.

అపోహ: తెల్లగా లేకపోతే ఆశ వదులుకోవాలి

2020లో హిందుస్థాన్ యూనిలీవర్ తన క్రీము పేరులోంచి 'ఫెయిర్' తీసేసింది. చామనఛాయ కన్నా ముదురు రంగున్న నిధి సునీల్‌ను 2021లో లోరియల్ పారిస్ అంతర్జాతీయ ప్రచారకర్తగా తీసుకుంది. హర్యానాలోని కర్నాల్ నుంచి వెళ్లిన భూమికా అరోరా షనెల్ ర్యాంప్ మీద నడిచింది. మన ఊళ్లలోని చీరల షాపుల ఫ్లెక్సీలు మాత్రం ఇంకా మారలేదు. శోభిత కూడా మొదట్లో ప్రకటనల ఆడిషన్లలో రంగు పేరు చెప్పి తనను తిప్పి పంపిన సంగతి ఇంటర్వ్యూల్లో చెప్పింది. మార్పు పైనుంచి దిగుతోంది, మన వీధి దాకా ఇంకా రాలేదు.

అపోహ: డబ్బు కడితే ఏజెన్సీ వాళ్లే పరిచయాలు చేయిస్తారు

పైరవీ లేనిది పని కాదని ఊరంతా నమ్మితే, పైరవీ అమ్ముతానని ఒకడు రావడానికి ఎంతోసేపు పట్టదు. రిజిస్ట్రేషన్ ఫీజు, పోర్ట్‌ఫోలియో ఫీజు, గ్రూమింగ్ ఫీజు అంటాడు. హోటల్ హాల్లో ఆడిషన్ పెడతాడు, వచ్చిన అందరూ ఎంపికవుతారు. ఆ తర్వాత ఫోన్ ఎత్తడు.

నిజమైన ఏజెన్సీ సంపాదన మోడల్ సంపాదనలోంచే వస్తుంది. పని ఇప్పించి, వచ్చిన డబ్బులో కమీషన్ తీసుకుంటుంది, మామూలుగా 20 శాతం చుట్టుపక్కల. ముందే పైసలు అడిగేవాడికి మీకు పని దొరకాల్సిన అవసరమే లేదు. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కూడా తన పౌరులను ఇదే విషయంలో హెచ్చరిస్తుంది, అంటే ఇది మన ఊరి అమాయకత్వం మాత్రమే కాదు. పేరున్న ఏజెన్సీలు మొదట అడిగేవి ఖరీదైన ఆల్బమ్‌లు కావు: మేకప్ లేకుండా, ఒంటికి అతికిన మామూలు బట్టల్లో, పగటి వెలుగులో, ఎదురుగా, పక్కనుంచి, నిలువెత్తున తీసిన ఫొటోలు, సరైన కొలతలు. ఇంట్లో ఫోన్‌తో తీస్తే చాలు.

డబ్బు పోతే సిగ్గుపడి దాచుకోవద్దు. ఆన్‌లైన్‌లో పంపి ఉంటే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. మోసగించి డబ్బు తీసుకుంటే భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా శిక్ష పడొచ్చు. ఉద్యోగం ఇప్పిస్తానని అబద్ధపు మాట ఇచ్చి స్త్రీని లైంగికంగా లోబరచుకోవడం 69వ సెక్షన్ కింద నేరం, పదేళ్ల దాకా జైలు. పదిమంది కూడా లేని చిన్న సంస్థలో వేధింపు ఎదురైతే, పని చోట మహిళలపై లైంగిక వేధింపుల నివారణకు వచ్చిన 2013 చట్టం ప్రకారం జిల్లా స్థాయిలో ఉండే స్థానిక కమిటీకి మూడు నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వొచ్చు. అవకాశం కావాలంటే ఇలాంటివి తప్పవని ఎవరైనా చెబితే, ఆ మాట చెప్పినవాళ్ల నుంచే ముందు దూరం జరగాలి. ఆడిషన్‌కు అమ్మనో అన్ననో వెంట తీసుకెళ్తే పల్లెటూరి వాళ్లనుకుంటారన్న బెదురు వద్దు. ఇంట్లోవాళ్లు వెంట వస్తే ఇబ్బంది పడే చోట మీకు పని లేదు.

అపోహ: ఫొటోలో నా ముఖం కాబట్టి ఫొటో నాది

1957 కాపీరైట్ చట్టం ప్రకారం వేరే ఒప్పందం లేకపోతే ఫొటో మీద హక్కు తీసినవాళ్లది, లేదా డబ్బిచ్చి తీయించుకున్నవాళ్లది. ఊరి షాపు క్యాటలాగ్‌కని తీసిన ఫొటో రెండేళ్ల తర్వాత ఇంకో జిల్లాలో హోర్డింగ్‌గా కనిపిస్తే, కాగితం మీద ఏమీ రాసుకోని మోడల్ గట్టిగా అడగలేదు. అందుకే డబ్బు ఎంతన్నదానితో పాటు ఇంకో నాలుగు సంగతులు రాతపూర్వకంగా ఉండాలి: ఫొటోలు ఎన్నాళ్లు వాడతారు, ఎక్కడెక్కడ వాడతారు, వేరేవాళ్లకు ఇస్తారా, పారితోషికం ఏ తేదీకి జమ చేస్తారు. ఏజెన్సీ ఒప్పందమైతే బయట పని చేసుకోనిస్తారా లేదా, ఎన్నేళ్లకు కట్టుబడాలి, మధ్యలో మానేస్తే ఏమవుతుందన్నవీ చూడాలి. ఇంగ్లీషులో ఉన్న కాగితం అర్థం కాకపోతే ఇంటికి తీసుకెళ్లి, తెలిసిన వకీలుకు చూపించి రేపు సంతకం పెడతానని చెప్పొచ్చు. అందుకు ఒప్పుకోని ఏజెన్సీతో ఆ సంతకం అవసరం లేదు.