బొమ్మ ఎందుకు ఆలస్యమవుతుంది? క్రౌడ్‌ఫండింగ్ సాఫ్ట్ టాయ్‌కి డబ్బు కట్టే ముందు తెలుసుకోవాల్సినవి

ఇంటర్నెట్‌లో ఒక మెత్తటి బొమ్మ ఫోటో కనిపిస్తుంది. పిల్లలకు తెగ నచ్చుతుంది. "ఇప్పుడే డబ్బు కట్టండి, ఆరు నెలల్లో బొమ్మ మీ ఇంటికి వస్తుంది" అని కింద రాసి ఉంటుంది. ఈద్‌కి పిల్లల చేతిలో పెట్టొచ్చు కదా అని పెద్దవాళ్లు కార్డుతో డబ్బు కట్టేస్తారు. ఈద్ వచ్చి వెళ్లిపోతుంది, బొమ్మ మాత్రం రాదు. దానికి బదులు ఒక ఈమెయిల్ వస్తుంది: "ఫ్యాక్టరీలో సమస్య వచ్చింది, ఇంకో మూడు నెలలు పడుతుంది."

ఇలాంటప్పుడు ఎవరికైనా మొదట వచ్చే అనుమానం, మోసపోయామా అని. చాలాసార్లు మోసం ఉండదు. కొన్నిసార్లు ఉంటుంది. ఏది ఏదో తేల్చుకోవాలంటే బొమ్మ ఎలా తయారవుతుందో, ఎక్కడెక్కడ పని ఆగిపోతుందో కొంచెం తెలిసి ఉండాలి.

కొనడం వేరు, ఇది వేరు

క్రౌడ్‌ఫండింగ్ అంటే మన దగ్గర చాలామందికి గుర్తొచ్చేది మిలాప్, కెట్టో లాంటి సైట్లు. ఎవరికో ఆపరేషన్ ఉంటే పదిమంది తలా కొంత వేస్తారు. అది సాయం. 2009లో అమెరికాలో మొదలైన కిక్‌స్టార్టర్ లాంటి సైట్ల పద్ధతి వేరు. అక్కడ ఒక వ్యక్తి తన ఆలోచన, నమూనా చూపిస్తాడు. ఇంత డబ్బు కావాలని లక్ష్యం పెడతాడు. గడువులోగా అంత మొత్తం పోగైతేనే డబ్బు అతనికి అందుతుంది. లేకపోతే ఎవరి కార్డు నుంచీ పైసా పోదు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. డబ్బు కట్టే రోజుకి బొమ్మ ఇంకా తయారే కాలేదు. "మాది దుకాణం కాదు" అని కిక్‌స్టార్టర్ 2012లోనే ప్రకటించింది. తయారుచేసే వ్యక్తి మాట నిలబెట్టుకోవాలి. చేయలేకపోతే డబ్బు ఎలా ఖర్చయిందో చెప్పాలి, మిగిలింది తిరిగివ్వాలి. ఇది అతనికీ డబ్బు కట్టినవారికీ మధ్య ఒప్పందం. సైట్ మాత్రం తన 5 శాతం కమీషన్ తీసుకుంటుంది కానీ బొమ్మకు హామీ ఇవ్వదు.

అమెరికాలోని వార్టన్ బిజినెస్ స్కూల్ ప్రొఫెసర్ ఈథన్ మోలిక్ ఇలాంటి ప్రాజెక్టులను పరిశీలించి 2014లో ఒక పరిశోధన ప్రచురించారు. 75 శాతానికి పైగా ప్రాజెక్టులు చెప్పిన తేదీకి వస్తువు ఇవ్వలేకపోయాయని అందులో తేలింది. 2015లో సుమారు 47 వేల మంది మద్దతుదారులను అడిగి చేసిన మరో సర్వేలో, 9 శాతం ప్రాజెక్టులు వస్తువు అసలే ఇవ్వలేదని తెలిసింది. అంటే ఆలస్యం మామూలే. పూర్తిగా ఎగ్గొట్టడం తక్కువ, కానీ లేకపోలేదు.

ఒకటి కుట్టడం వేరు, వెయ్యి కుట్టడం వేరు

ఫోటోలో కనిపించే బొమ్మ సాధారణంగా ఒక్కటే ఉంటుంది. దాన్ని డిజైన్ చేసిన మనిషి ఇంట్లో కూర్చుని, వారం పట్టినా సరే, చేత్తో కుట్టి ఉంటారు. ఫ్యాక్టరీలో అదే బొమ్మను పది పన్నెండు మంది చేతులు మారుస్తూ చేస్తారు. ఒకరు కత్తిరిస్తారు, ఒకరు కళ్లు ఎంబ్రాయిడరీ చేస్తారు, ఒకరు కుడతారు, ఇంకొకరు దూది నింపుతారు.

ఈ తలనొప్పి కొత్తది కాదు. జర్మనీకి చెందిన స్టైఫ్ సంస్థ 1903లో లైప్‌జిగ్ ప్రదర్శనలో కాళ్లు, చేతులు కదిలే ఎలుగుబంటి బొమ్మను పెట్టింది. ఒక అమెరికా వ్యాపారి 3 వేల బొమ్మలకు ఆర్డర్ ఇచ్చాడని సంస్థ చరిత్ర చెబుతుంది. అయితే దారంతో కట్టిన ఆ కీళ్లు గట్టిగా నిలవలేదు. తర్వాత లోహపు కడ్డీలు, ఆ తర్వాత గుండ్రటి బిళ్లలు పెట్టి డిజైన్ మార్చుకోవాల్సి వచ్చింది. ప్రపంచ ప్రసిద్ధి చెందిన టెడ్డీకే మొదట్లో ఇన్ని తిప్పలు పడ్డారు.

ఇప్పుడు చాలా సాఫ్ట్ టాయ్‌లు చైనాలో తయారవుతున్నాయి. డిజైనర్ బొమ్మ గీసి పంపితే ఫ్యాక్టరీ ఒక శాంపిల్ కుట్టి కొరియర్ చేస్తుంది. ముక్కు కిందకి జారింది, తల బరువెక్కి బొమ్మ కూర్చోవడం లేదు, నవ్వు ముఖం కాస్తా ఏడుపు ముఖంలా ఉంది. ఇలా తప్పులు రాసి తిప్పి పంపాలి. మళ్లీ కొత్త శాంపిల్ రావాలి. ఒక్కో విడతకు రెండు మూడు వారాలు సులువుగా గడిచిపోతాయి. ఇలా నాలుగైదు విడతలు జరిగితే మూడు నెలలు అయిపోయినట్టే. అసలు తయారీ అప్పటికి ఇంకా మొదలే కాదు.

గుడ్డ దగ్గరే సగం గొడవ

డ్రెస్‌కి మ్యాచింగ్ దుపట్టా రంగు వేయించినవారికి ఈ సంగతి బాగా అర్థమవుతుంది. మొబైల్‌లో చూసిన రంగు వేరు, గుడ్డ మీద పడ్డ రంగు వేరు. అదే రంగు రెండోసారి వేయిస్తే కొంచెం తేడా వస్తుంది. బొమ్మల విషయంలోనూ అంతే. చిన్న ఆర్డర్‌కి మిల్లులు ప్రత్యేకంగా రంగు వేయవు. అప్పుడు ఉన్న స్టాకులోంచి దగ్గరి రంగు ఎంచుకోవాలి, లేదా అవసరానికి మించి గుడ్డ కొనాలి.

ఇంకొకటి, బొచ్చు గుడ్డకు వాలు ఉంటుంది. మఖ్మల్ మీద చెయ్యి ఒకవైపు రాస్తే ఒక మెరుపు, రెండోవైపు రాస్తే ఇంకో మెరుపు కనిపిస్తుంది కదా, అదే ఇది. కత్తిరించేటప్పుడు ఒక చెవి ముక్క అడ్డదిడ్డంగా తిరిగితే, కుట్టాక ఆ చెవి వేరే రంగు గుడ్డలా కనిపిస్తుంది. గుడ్డను పొరలు పొరలుగా పేర్చి ఒకేసారి కోస్తారు కాబట్టి, ఒక్క పొరపాటుతో వందల ముక్కలు పాడవుతాయి.

కళ్లు, నోరు ఎంబ్రాయిడరీ చేసేది బొమ్మ కుట్టకముందే, చదునుగా ఉన్న ముక్క మీద. అక్కడ రెండు మూడు మిల్లీమీటర్లు జరిగితే, దూది నింపాక బొమ్మకు మెల్లకన్ను వచ్చేస్తుంది. దూది కొన్ని గ్రాములు ఎక్కువైతే బుగ్గలు ఉబ్బుతాయి, తక్కువైతే మెడ వాలిపోతుంది. అందుకే బాధ్యత ఉన్న డిజైనర్లు ఒక ఫైనల్ శాంపిల్‌ను ఖరారు చేసి ఫ్యాక్టరీలో ఉంచుతారు. తయారైన సరుకును దాని పక్కన పెట్టి చూసి, సరిపోనివి పక్కకు తీయిస్తారు. ఈ తనిఖీకి కూడా సమయం, డబ్బు రెండూ కావాలి.

కన్ను ఊడితే ప్రాణం మీదకే

అన్నిటికంటే ముఖ్యమైన దశ సేఫ్టీ టెస్టింగ్. చిన్న పిల్లలు బొమ్మను నోట్లో పెట్టుకుంటారు, చెవి పట్టి లాగుతారు, కన్ను పీకుతారు. ఊడిన ప్లాస్టిక్ కన్ను గొంతులో ఇరుక్కుంటే ఊపిరాడదు.

అందుకే యూరప్‌లో అమలులో ఉన్న ఈఎన్ 71 ప్రమాణం ప్రకారం ల్యాబ్‌లో బొమ్మ కన్నును పట్టి లాగి చూస్తారు. 6 మిల్లీమీటర్లకు మించిన భాగమైతే 90 న్యూటన్ల బలంతో లాగుతారు. దాదాపు 9 కిలోల బరువు వేలాడదీసినంత బలం అది. కుట్లను 70 న్యూటన్లతో లాగుతారు. కుట్టు విడిపోయి లోపలి దూది బయటికి వస్తే ఫెయిల్. అమెరికాలో 2008 చట్టం తర్వాత పిల్లల బొమ్మలకు బయటి ల్యాబ్‌లో పరీక్ష తప్పనిసరి అయింది. సీసం లాంటి విషపదార్థాలకు కూడా పరిమితి ఉంది. అక్కడి పెన్సిల్వేనియా, ఒహాయో, మసాచుసెట్స్ రాష్ట్రాల్లో దూది నింపిన బొమ్మలకు ప్రత్యేక లేబుల్ కూడా ఉండాలి. ఈ నిబంధన తెలియని కొత్తవాళ్లు బొమ్మలన్నీ కుట్టేశాక లేబుల్ కోసం మళ్లీ పని పెట్టుకోవాల్సి వస్తుంది.

మన దేశంలో 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్‌ఐ మార్కు తప్పనిసరి. 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకు ఇది వర్తిస్తుంది.

పరీక్షలో ఫెయిలైతే కన్ను బిగించే పద్ధతి మార్చాలి, లేదా ప్లాస్టిక్ కన్ను తీసేసి దారంతో ఎంబ్రాయిడరీ చేయాలి. ఆ తర్వాత మళ్లీ శాంపిల్, మళ్లీ పరీక్ష. కుట్టేటప్పుడు సూది విరిగి బొమ్మలో ఉండిపోయే ప్రమాదం కూడా ఉంటుంది కాబట్టి, మంచి ఫ్యాక్టరీలు ప్రతి బొమ్మనూ మెటల్ డిటెక్టర్ గుండా పంపుతాయి. ఇలాంటి కారణంతో రెండు నెలలు ఆలస్యమైతే కోప్పడాల్సిన పని లేదు. ఆ రెండు నెలలు మన పిల్లల కోసమే.

డబ్బు ఎక్కువ వస్తే ఆలస్యం కూడా ఎక్కువ

ప్రొఫెసర్ మోలిక్ పరిశోధనలో ఆశ్చర్యపరిచే విషయం మరొకటి ఉంది. ఎక్కువ డబ్బు పోగైన ప్రాజెక్టులే ఎక్కువ ఆలస్యమవుతున్నాయి. ఆలోచిస్తే కారణం కనిపిస్తుంది. 200 బొమ్మలు అనుకున్నచోట 5 వేలు చేయాల్సి వస్తుంది. పైగా ఉత్సాహంలో "ఇంత దాటితే నీలం రంగు కూడా, అంత దాటితే బుల్లి బొమ్మ కూడా" అని హామీలు ఇచ్చేస్తారు. ప్రతి కొత్త రంగుకీ కొత్త గుడ్డ, కొత్త శాంపిల్ కావాలి. ప్రతి కొత్త బొమ్మకీ కొత్త పరీక్ష. ఒకటి ఆగితే పెట్టె మొత్తం ఆగుతుంది.

సెలవులు, ఓడలు, సుంకాలు

చైనా కొత్త సంవత్సరం జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో వస్తుంది. కార్మికులు సొంతూళ్లకు వెళ్తారు. ఫ్యాక్టరీలు వారాల తరబడి మూతపడతాయి. కొందరు కార్మికులు తిరిగి రారు. జనవరిలో ఒక వారం వెనకబడిన ఆర్డర్ మార్చి దాకా ఆగడం ఇందుకే.

తర్వాత ఓడ ప్రయాణం. దూది బొమ్మ బరువు తక్కువ, చోటు మాత్రం ఎక్కువ తింటుంది. అందుకే కంటైనర్ ధర పెరిగితే దెబ్బ గట్టిగా తగులుతుంది. కోవిడ్ తర్వాత 2021లో ధరలు ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెరిగాయి. అదే ఏడాది మార్చిలో ఎవర్ గివెన్ అనే ఓడ సూయజ్ కాలువలో అడ్డం తిరిగి ఆరు రోజులు దారి మూసేసింది. 2023 చివరి నుంచి ఎర్ర సముద్రంలో దాడుల వల్ల చాలా ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్లాల్సి వచ్చింది.

2025 ఏప్రిల్‌లో అమెరికా చైనా సరుకుపై సుంకాన్ని 145 శాతానికి పెంచింది. మే నెలలో 30 శాతానికి తగ్గించింది. అంతకుముందు అక్కడ బొమ్మలపై సాధారణంగా దిగుమతి సుంకమే లేదు. దీని ప్రభావం అర్థం కావడానికి ఒక ఊహా లెక్క చూద్దాం.

వెయ్యి మంది తలా 2 వేల రూపాయలు కడితే 20 లక్షలు. సైట్ కమీషన్, కార్డు ఛార్జీలు కలిపి సుమారు 8 శాతం పోతే 18.4 లక్షలు మిగులుతాయి. బొమ్మకు 600 చొప్పున ఫ్యాక్టరీకి 6 లక్షలు, రవాణాకు 5 లక్షలు, శాంపిళ్లకు, పరీక్షలకు 2 లక్షలు, డిజైన్, ప్యాకింగ్, ప్రచారానికి 3 లక్షలు అనుకుందాం. చివరికి చేతిలో మిగిలేది 2.4 లక్షలు. ఇప్పుడు 6 లక్షల సరుకుపై 145 శాతం సుంకం పడితే 8.7 లక్షలు కట్టాలి. అంత డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? డబ్బు కట్టినవారిని మళ్లీ అడగాలి, లేదా సుంకం తగ్గేదాకా సరుకును గోడౌన్‌లో ఉంచాలి. మోసం చేసే ఉద్దేశం లేని మనిషి కూడా ఇలా ఇరుక్కుపోతాడు.

ఆలస్యం వేరు, మోసం వేరు

అలాగని అందరినీ నమ్మేయాలని కాదు. ఒక బోర్డు గేమ్ తయారుచేస్తానని అమెరికాలో ఒక వ్యక్తి కిక్‌స్టార్టర్ ద్వారా 1,246 మంది నుంచి లక్షా 22 వేల డాలర్లకు పైగా వసూలు చేశాడు. కొన్ని నెలల పాటు పని జరుగుతోందని చెబుతూ వచ్చి, చివరికి ప్రాజెక్టు రద్దయిందన్నాడు. ఆ డబ్బులో చాలా భాగం ఇంటి అద్దె లాంటి సొంత ఖర్చులకు వాడుకున్నాడని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. 2015లో ముగిసిన ఈ వ్యవహారం, క్రౌడ్‌ఫండింగ్‌పై ఆ కమిషన్ తీసుకున్న మొదటి చర్య. అతనికి కట్టే స్తోమత లేదని డబ్బు వసూలును మాత్రం నిలిపివేశారు. చర్య తీసుకున్నంత మాత్రాన డబ్బు వెనక్కి వస్తుందనే నమ్మకం లేదని దీన్నిబట్టి తెలుస్తుంది.

తేడా ఎక్కడ తెలుస్తుందంటే, ఇచ్చే సమాచారంలో. పని నిజంగా చేస్తున్నవాళ్లు శాంపిల్ ఫోటోలు చూపిస్తారు. ఏ తప్పు వచ్చిందో, ఏ పరీక్షలో ఆగిందో, ఎంత ఖర్చు పెరిగిందో విడమర్చి చెబుతారు. "త్వరలో, త్వరలో" అంటూ నెలల తరబడి ఒకే మాట చెబుతుంటే, అడిగినవాళ్లకు జవాబు ఇవ్వకుండా ఉంటే అనుమానించాల్సిందే. పదిమంది డబ్బు అమానత్ లాంటిది, దానికి లెక్క చెప్పాల్సిన బాధ్యత తీసుకున్నవాడిదే.

డబ్బు కట్టే ముందు ఇవి చూడండి

- చేతితో కుట్టిన నమూనా మాత్రమే ఉందా, ఫ్యాక్టరీ శాంపిల్ కూడా ఉందా?
- సేఫ్టీ పరీక్షల గురించి, వాటి ఖర్చు గురించి ఎక్కడైనా రాశారా?
- ఈ వ్యక్తి ఇంతకుముందు ఏదైనా తయారుచేసి ఇచ్చాడా? అప్పుడు డబ్బు కట్టినవాళ్లు ఏమంటున్నారు?
- రవాణా ఖర్చు ఇప్పుడే తీసుకుంటున్నారా, తర్వాత మళ్లీ అడుగుతారా? ఇండియాకి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం విడిగా పడొచ్చు. 2023లో బొమ్మలపై ప్రాథమిక సుంకాన్ని 70 శాతానికి పెంచారు.
- కార్డు ద్వారా కట్టిన డబ్బుపై బ్యాంకులో ఫిర్యాదు చేయడానికి కాలపరిమితి ఉంటుంది. అది ఎన్ని రోజులో ముందే అడిగి పెట్టుకోండి. బొమ్మ ఏడాది ఆలస్యమైతే ఆ గడువు దాటిపోవచ్చు.
- ఆ డబ్బు పోయినా ఇల్లు ఇబ్బంది పడదనుకున్నంత వరకే కట్టండి.

ఈద్‌కో పుట్టినరోజుకో ఫలానా తేదీకి బొమ్మ చేతిలో ఉండాలంటే క్రౌడ్‌ఫండింగ్ సరైన దారి కాదు. దానికి ఐఎస్‌ఐ మార్కు చూసి దుకాణంలో కొనుక్కోవడమే మేలు. ఒక కొత్త డిజైనర్‌కు తోడు నిలవాలనుకుంటే మాత్రం, చెప్పిన తేదీకి కనీసం ఇంకో ఆరు నెలలు కలుపుకొని, అప్పటిదాకా పిల్లలకు ఆ బొమ్మ సంగతి చెప్పకుండా ఉండటం మంచిది.