వార్తల్లో పదం: విండోస్.ఓల్డ్

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు మారుతున్నవారికి ఎదురవుతున్న పేరు ‘విండోస్.ఓల్డ్’. పాత సిస్టమ్ ఫైళ్లన్నీ భద్రపరిచే ఫోల్డర్ ఇది. డ్రైవ్‌ను ఫార్మాట్ చేయకుండా విండోస్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా సి డ్రైవ్‌లో ఏర్పడుతుంది.

అప్‌గ్రేడ్ నచ్చకపోతే మామూలుగా 10 రోజుల్లోపు పాత వెర్షన్‌కు వెళ్లడానికి ఇదే ఆధారం. ఆ గడువు దాటాక విండోసే దీన్ని తొలగిస్తుంది.

ఇది పది జీబీకి పైగా ఉండొచ్చు. చిన్న ఎస్‌ఎస్‌డీ ఉన్న ల్యాప్‌టాప్‌లకు అది పెద్ద భారమే. ముందే తీసేయాలంటే సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్‌లోకి వెళ్లి, టెంపరరీ ఫైల్స్‌లో ‘ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్’కు టిక్ పెట్టాలి. తీసేస్తే మళ్లీ రాదు. అందుకే అందులోని ‘యూజర్స్’ ఫోల్డర్‌లో ఫొటోలు, పత్రాలు మిగిలాయేమో ముందుగా చూసుకోవాలి.