ఫస్ట్ కాపీ బ్యాగులు: అపోహలు – వాస్తవాలు

అమెరికాలో పిల్లలున్న ఇళ్లు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో తక్కువేం కాదు. సెలవులకు వచ్చిన కోడలి భుజాన ఉన్న కోచ్ బ్యాగో, మైఖేల్ కోర్స్ బ్యాగో ఫంక్షన్ హాల్లో నలుగురి కంటా పడుతుంది. అచ్చం అలాంటిదే వాట్సాప్ గ్రూపులో రెండు వేలకు దొరుకుతుందంటే ఎవరికైనా మనసు లాగుతుంది. అందులో తప్పేం లేదు. తప్పంతా అమ్మేవాళ్లు చెప్పే మాటల్లో ఉంది. ఆ మాటలు ఒకరి నోటి నుంచి ఒకరికి పాకి, చివరికి అందరూ నిజమనుకునే దాకా వచ్చాయి.

అపోహ: ఫస్ట్ కాపీ అంటే నకిలీ కాదు. అదే ఫ్యాక్టరీలో, అదే తోలుతో చేసింది. మిగిలిపోయిన సరుకు కాబట్టి చవక.

వాస్తవం: ఫస్ట్ కాపీ, మాస్టర్ కాపీ, మిర్రర్ కాపీ... ఇవేవీ కంపెనీలు ఇచ్చిన గ్రేడ్లు కావు, అమ్మకందారులు పెట్టుకున్న పేర్లు. ఇంకొకరి ట్రేడ్‌మార్కును అనుమతి లేకుండా వేసిన బ్యాగు ఎంత బాగా కుట్టినా నకిలీయే. లూయీ విట్టాన్ తన కొత్త బ్యాగులను సొంత స్టోర్లలో, సొంత వెబ్‌సైట్‌లో తప్ప అమ్మదు, డిస్కౌంట్ సేల్ పెట్టదు. ఆ స్టోరు ఈ మూడు ఊళ్లలో ఎక్కడా లేదు. కాబట్టి ఇక్కడి ఫ్యాన్సీ షాపులో కొత్త స్టాక్ అంటూ ఎల్‌వీ బ్యాగు చూపిస్తే దాన్ని పరీక్షించాల్సిన పనే లేదు. ఈ కంపెనీకి నకిలీల బెడద ఇప్పటిది కాదు. 1896లో జార్జ్ విట్టాన్ ఎల్, వీ అక్షరాలకు పూలు జోడించి మోనోగ్రామ్ తయారు చేసిందే పాత డిజైన్లను అందరూ కాపీ కొడుతున్నారని. ఇవాళ ప్రపంచంలో బాగా కాపీ అవుతున్న గుర్తుల్లో అదీ ఒకటి.

కోచ్, మైఖేల్ కోర్స్ సంగతి వేరు. అమెరికా అవుట్‌లెట్లలో వాటి ధరలు నిజంగానే బాగా తగ్గుతాయి. చవగ్గా వచ్చిందన్న ఒక్క కారణంతో పిల్లలు తెచ్చినదాన్ని అనుమానించక్కర్లేదు.

అపోహ: వాసన చూసినా, అగ్గిపుల్ల గీసి అంటించినా అసలుదో కాదో తేలిపోతుంది.

వాస్తవం: తేలేది ఏమీ ఉండదు, బ్యాగు పాడవడం తప్ప. లూయీ విట్టాన్ మోనోగ్రామ్ కాన్వాస్ అసలు తోలే కాదు, పీవీసీ పూత వేసిన నూలు బట్ట. లక్షలు పోసి కొన్న అసలు బ్యాగు కూడా తోలు పరీక్షలో నిలబడదు. మరోవైపు నిజమైన తోలుతో నకిలీలు చేసేవాళ్లూ ఉన్నారు.

పోచంపల్లి చీర కొనేటప్పుడు మన ఆడవాళ్లు ముందు చేసే పని తిరగేసి చూడటం. దారానికే రంగు అద్ది నేసిన డిజైన్ రెండువైపులా ఒకేలా కనిపిస్తుంది, ప్రింటు అయితే వెనకవైపు వెలిసినట్టుంటుంది. బ్యాగును కూడా అలాగే లోపలి నుంచి చూడాలి. లైనింగు బయటికి లాగి మూలల్లో కుట్టు వంకర పోయిందేమో చూడండి. జిప్‌ను రెండు మూడు సార్లు అటూ ఇటూ లాగండి, మధ్యలో పట్టుకుంటుందేమో తెలుస్తుంది. పట్టీ కొక్కెం చేతిలో డొల్లగా, తేలిగ్గా ఉందా? అంచులకు పూసిన రంగు గోరు తగిలితే పెచ్చులుగా లేస్తోందా? ఇవన్నీ నాసిరకాన్ని పట్టిస్తాయి. అంతవరకే. జాగ్రత్తగా చేసిన నకిలీ వీటన్నిటినీ దాటేస్తుంది. తోలులా కనిపించే పీయూ పూత మాత్రం తేమకు, వేడికి ఆగదు. వాడకుండా బీరువాలో దాచినా కొన్నాళ్లకు పొట్టు రాలుతుంది.

అపోహ: డబ్బా, గుడ్డ సంచి, కార్డు, సీరియల్ నంబరు ఉన్నాయంటే అసలుదే.

వాస్తవం: డబ్బా, సంచి విడిగా కూడా అమ్ముతారు. లూయీ విట్టాన్ అయితే అసలుదని తెలిపే కార్డే ఇవ్వదు, కాబట్టి ఆ కార్డు ఉండటమే అనుమానించాల్సిన విషయం. లోపల ముద్రించే తేదీ కోడ్‌ను ఆ కంపెనీ 2021లో మానేసి చిప్ పెట్టడం మొదలుపెట్టింది. నకిలీ చేసేవాడు ఒకే నంబరును ఎన్ని బ్యాగులకైనా కొట్టగలడు.

అపోహ: మేడ్ ఇన్ వియత్నాం అని ఉంటే నకిలీ.

వాస్తవం: కోచ్ బ్యాగులు వియత్నాం, కంబోడియాల్లో తయారవుతాయి. లూయీ విట్టాన్ 2019లో టెక్సస్‌లో ఫ్యాక్టరీ తెరిచింది. దేశం పేరు చూసి ఏదీ తేల్చలేం.

అపోహ: ఇంట్లో కూర్చుని నాలుగు బ్యాగులు అమ్ముకుంటే అది నేరమేం కాదు.

వాస్తవం: నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. ఫోన్‌లో ఫొటోలు పంపి, ఒక్కో బ్యాగు మీద వందో రెండు వందలో మిగుల్చుకునే గృహిణులు చాలామంది ఇది చిన్న వ్యాపారం అనుకుంటున్నారు. ట్రేడ్‌మార్క్స్ చట్టం–1999లోని 104వ సెక్షన్ కింద నకిలీ ట్రేడ్‌మార్కు ఉన్న సరుకు అమ్మినా, అమ్మడానికి దగ్గర ఉంచుకున్నా 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల జరిమానా పడవచ్చు. డీఎస్పీ, ఆపై హోదా అధికారి ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రార్ అభిప్రాయం తీసుకుని, వారంట్ లేకుండానే సోదా చేసి సరుకు స్వాధీనం చేసుకోవచ్చు. హోల్‌సేలరు ఏ ఊళ్లో ఉంటాడో ఎవరికీ తెలియదు. దొరికేది మాత్రం ఇక్కడ ఇంటి చిరునామా ఇచ్చి అమ్మిన మన ఆడపడుచే.

సొంతానికి కొనుక్కున్నవాళ్లను ఈ చట్టం శిక్షించదు. అలాగని ఆ బ్యాగు తగిలించుకుని ఎక్కడికైనా వెళ్లవచ్చని కాదు. ఫ్రాన్స్‌లో నకిలీ వస్తువు దగ్గర ఉండటమే నేరం. ఇటలీలో కొన్నవాళ్లకు 7,000 యూరోల దాకా జరిమానా వేయవచ్చు.

అపోహ: మోసపోయాక చేసేదేమీ లేదు.

వాస్తవం: ఫస్ట్ కాపీ అని తెలిసి కొన్నవాళ్లకు ‘ఒరిజినల్ అని మోసం చేశారు’ అనే వీలుండదు. ఒరిజినల్ అని నమ్మించి అమ్మి ఉంటే మాత్రం దారి ఉంది. వాట్సాప్ చాటింగ్ చెరిపేయకండి. యూపీఐ చెల్లింపు స్క్రీన్‌షాట్, పార్శిల్ మీది చిరునామా, పార్శిల్ విప్పుతూ తీసిన వీడియో దాచండి. ఆన్‌లైన్ షాపింగ్ సైట్లో కొంటే, 2020 నాటి ఈ–కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. నకిలీ అని తేలితే వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదు. డబ్బు కట్టించుకుని పేజీయే మాయమైతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మిగతా వాటికి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. అక్కడా తేలకపోతే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయవచ్చు. అమ్మినవాడు ఢిల్లీలో ఉన్నా సూరత్‌లో ఉన్నా, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరుండే జిల్లాలోనే వేయవచ్చు. 5 లక్షల లోపు కొనుగోళ్లకు ఫీజు లేదు, వకీలు లేకుండా మీ కేసు మీరే చెప్పుకోవచ్చు.