చింతగింజలూ చిట్టిబుర్రలూ

ఇంటికి చుట్టాలొస్తే పిల్లవాణ్ణి పిలిచి, "ఏదీ, వంద దాకా ఒప్పజెప్పు నాన్నా!" అనడం మనకు మహా సరదా. వాడు గుక్క తిప్పుకోకుండా చదివేస్తే లెక్కల్లో పులి అని మురిసిపోతాం. అది పాట వచ్చినట్టు గాని, లెక్క వచ్చినట్టు కాదని నా అభిప్రాయం.

అనుమానంగా వుంటే గుప్పెడు చింతగింజలు తెచ్చి చూడండి. ఎనిమిది గింజలు వరుసగా పేర్చి, ఒక్కొక్కదానికి ఎదురుగా ఒక్కొక్కటి చొప్పున మరో ఎనిమిది పెట్టండి. నాలుగేళ్ళ పిల్లను అడిగితే రెండు వరుసలూ సమానమే నంటుంది. ఇప్పుడు ఒక వరుసను కాస్త ఎడంగా జరపండి. "ఇందులో ఎక్కువున్నాయి" అని పొడుగు వరుసను చూపిస్తుంది! తీసిందీ లేదు, పెట్టిందీ లేదు.

స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు జాన్ పియాజే ఇటువంటి పరీక్షలే చేసి, అలీనా షెమిన్‌స్కాతో కలిసి 1941లో ఒక గ్రంథం ప్రకటించాడు. కంటికి కనిపించే పొడుగును కాదని, "సంఖ్య మారలేదు" అనగలిగేసరికి పిల్లలకు ఆరేడేళ్ళు వస్తాయన్నాడాయన.

అయితే పిల్లలు మరీ అంత అమాయకులు కారు. మార్గరెట్ డొనాల్డ్‌సన్ అనే స్కాట్లండు విదుషీమణి 1978లో ప్రకటించిన పుస్తకంలో ఒక తమాషా వున్నది. వరుసను పెద్దమనిషి జరపకుండా, అల్లరి ఎలుగుబంటి బొమ్మ ఒకటి వచ్చి చెదరగొట్టినట్టు నటిస్తే, అంతకంటె ఎక్కువమంది పిల్లలు సరిగ్గా చెప్పారట! పెద్దవాళ్ళు కావాలని జరిపి మళ్ళీ అదే ప్రశ్న వేస్తే, జవాబు మార్చమంటున్నారు కాబోలు ననుకుంటారన్నమాట. మనం కళ్ళెర్రజేసి "మళ్ళీ చెప్పు!" అంటే జరిగేదీ అదే. వాడు లెక్క మానేసి మన మొహం చదువుతాడు.

అందుకే జవాబు ఎంతని అడిగి వూరుకోకుండా, ఎలా వచ్చిందని కూడా అడగాలి. ఎనిమిదీ అయిదూ ఎంతే అంటే మా మనవరాలు పదమూడంది. ఎలాగమ్మా అన్నాను. "అయిదులోంచి రెండు తీసి ఎనిమిదికిచ్చేశాను తాతయ్యా. పదయింది. ఇంకా మూడున్నాయిగా!" అంది. ఒక అంకెను విడగొట్టి, కొంత కలిపి, మిగిలింది మనసులో దాచుకోవడం ఆ వయసుకు చిన్న పని కాదు.

ఎక్కాలు వద్దని నేననను. కంఠతా వస్తే పెద్ద లెక్కలకు బుర్ర తీరికవుతుంది. మూడు నాలుగులు పన్నెండని వల్లించేముందు, నాలుగేసి గింజల కుప్పలు మూడు పోసి చూడనివ్వండి, చాలు.

ఇక అటకమీద వామనగుంటల పీట వుంటే దించండి. పద్నాలుగు గుంటలు; గుంటకు అయిదేసి పోస్తే డెబ్బై గింజలు. ఎక్కణ్ణించి తీసి పంచితే చివరి గింజ ఎక్కడ పడుతుందో ముందే చూసుకోవాలి. మా పిల్ల మొదట్లో చేతికందిన గుంట తీసేది. ఇప్పుడు పెదవులు కదుపుతూ కూర్చుంటుంది. "ఆడవేమే?" అంటే, "వుండు తాతయ్యా, లెక్కేసుకుంటున్నా" నంటుంది. మొన్న ఆదివారం నా గుంటలు రెండు ఖాళీ చేసేసింది.